పులికాట్‌లో ఔట్‌బోర్డ్ మోటార్: గేర్ ఆయిల్ తెల్లబడితే, మోటార్‌ను చల్లబరిచే నీళ్లు చిమ్మకపోతే

తిరుపతి జిల్లాలో తడ, భీమునివారిపాలెం వైపు పడవల ఔట్‌బోర్డ్ మోటార్లకు (పడవ వెనక బయట బిగించే ఇంజిన్లకు) ఎక్కువ ఇబ్బంది పెట్టేవి తెగిన వల దారం, అడుగు బురద. పులికాట్ సరస్సు సగటు లోతు సుమారు ఒక మీటరే. ప్రొపెల్లర్ ఎప్పుడూ బురదకు దగ్గర్లోనే తిరుగుతుంది.

సమస్య: గేర్ ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీలా ఉంది

కారణం: గేర్ పెట్టెలోకి నీళ్లు దిగాయి. ఒట్టి ఆయిల్ మార్చి వదిలేయడం పెద్ద పొరపాటు. నీళ్లు వచ్చిన దారి అలాగే ఉంటుంది, బేరింగులు తుప్పు పడతాయి. చాలాసార్లు ఆ దారి ప్రొపెల్లర్ వెనకే ఉంటుంది. నైలాన్ దారం షాఫ్టుకు బిగుతుగా చుట్టుకుని ఆయిల్ సీల్ (షాఫ్టు చుట్టూ నీళ్లు దిగకుండా, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) అంచును కోసేస్తుంది.

పరిష్కారం: మోటార్ పొరపాటున స్టార్ట్ కాకుండా ముందు ప్లగ్ వైరు తీయండి. స్ప్లిట్ పిన్, నట్టు, ప్రొపెల్లర్, వాషర్ వరుసగా విప్పి, దారం పోగు కూడా మిగలకుండా లాగేయండి. సీల్ మార్చేటప్పుడు షాఫ్టును గోటితో తడమండి. గాడి తగిలితే కొత్త సీల్ కూడా కారుతుంది, షాఫ్టు పని కూడా చూసుకోవాలి.

ఆయిల్ పోసేటప్పుడు మోటార్ నిటారుగా ఉండాలి. కింది రంధ్రం నుంచి ఎక్కించండి, పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా ఆయిల్ వచ్చేదాకా. ముందు పై స్క్రూ బిగించి, ఆ తర్వాతే ట్యూబు తీసి కింది స్క్రూ పెట్టండి. పైనుంచి పోస్తే లోపల గాలి నిలిచిపోతుంది. రెండు స్క్రూలకూ ప్రతిసారీ కొత్త వాషర్లు వేయాలి. పాత వాషర్ వల్ల కూడా నీళ్లు దిగుతాయి. కొద్దిసేపు నడిపాక ఆయిల్ మళ్లీ చూడండి. సమస్య లేకపోయినా 100 గంటలకో, ఏడాదికో మార్చాల్సిందే.

కింది స్క్రూ అయస్కాంతానికి సన్నటి నల్లటి ముద్ద అంటుకుంటే ఫర్వాలేదు. ఇనుప ముక్కలు కనబడితే మాత్రం గేర్ పెట్టె విప్పించండి.

సమస్య: మోటార్ పక్కనుంచి చిమ్మే చల్లబరిచే నీటిధార సన్నబడింది, మోటార్ బాగా వేడెక్కుతోంది

వెంటనే ఆపండి. నీళ్లు పీల్చే జాలీలో బురద, నాచు తీసేయండి. అయినా ధార రాకపోతే పంపులో నీళ్లు తోసే రెక్కల చక్రం, అంటే రబ్బరు ఇంపెల్లర్, అరిగి ఉండొచ్చు. విరిగిన రెక్క ముక్క కనబడకపోతే నీటి గొట్టాల్లో వెతికి తీయాలి. నీళ్లు లేకుండా మోటార్ తిప్పితే కొత్త ఇంపెల్లర్ కూడా నిమిషాల్లో పాడవుతుంది.

సమస్య: ఇంజిన్ అరుస్తోంది, పడవ కదలదు

చిన్న మోటార్లలో షియర్ పిన్ (ప్రొపెల్లర్ దేనికైనా తగిలితే గేర్లను కాపాడుతూ తానే తెగిపోయే పిన్) తెగి ఉండొచ్చు. విడి పిన్ పడవలోనే పెట్టుకోండి, బదులుగా మేకు మాత్రం వేయొద్దు. అది తెగకుండా నిలిస్తే దెబ్బ గేర్లకు తగులుతుంది. మధ్యలో రబ్బరు హబ్ (షాఫ్టుకు పట్టే భాగం) ఉన్న ప్రొపెల్లరైతే, హబ్ మీదుగా బయటి లోహం దాకా ఒక పెయింట్ గీత గీసి నడపండి. గీత విడిపోతే హబ్ జారుతోందని అర్థం.