బొంత కోసం పాత చీరను పట్టీలుగా కత్తిరించే ముందు

వానలు పడి పొలం పనులు మొదలుకాకముందే, ఎండాకాలం మధ్యాహ్నాల్లో పాత నూలు చీరలు బయటికి తీసి బొంత కుట్టుకునే ఇళ్లు మా నల్లగొండ వైపు ఇంకా ఉన్నాయి. చీరలను మడతలుగా పరిచి కుట్టే పాత పద్ధతిలో కత్తెరకు పెద్దగా పని ఉండదు. పట్టీలు కత్తిరించి, ఒకదానికొకటి అతికి పై పొర తయారుచేయాలంటే మాత్రం ప్రతి పట్టీ తిన్నగా రావాలి. ఒక్కో పట్టీ అంగుళంలో 16వ వంతు ఎక్కువైనా, 16 పట్టీలు కలిసేసరికి 1 అంగుళం తేడా వస్తుంది. దాన్ని కుట్టులో సర్దబోతే బొంత ఒక పక్క ఉబ్బుతుంది.

నేను మొదటిసారి మా అమ్మ కట్టిన నారాయణపేట గళ్ల చీరను ఫ్యాను కింద నాలుగు మడతలు వేసి తొందరపడి కత్తిరించాను. విప్పి చూస్తే ప్రతి పట్టీ మడత పడ్డ చోట మోచేయిలా వంగి ఉంది. స్కేలు తిన్నగానే పెట్టాను, కత్తెర కూడా తప్పలేదు. మడత పోగుకు సమంగా పడకపోవడమే అసలు కారణం. ఆ చీర మళ్లీ దొరకదు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి ముందు చూడవలసింది స్కేలును కాదు, పోగును. బట్ట చివర చిన్న గాటు పెట్టి, ఒక పేక పోగును, అంటే అడ్డంగా నేసిన పోగును, గోటితో పట్టుకుని మెల్లగా లాగితే అది వదిలిన దారి సన్నని గీతలా కనిపిస్తుంది. ఆ గీత వెంట కత్తిరించిన అంచే మిగతా కొలతలన్నిటికీ ఆధారం. పోచంపల్లి ఇక్కత్‌లోనూ నారాయణపేట గళ్లలోనూ రంగు పోగుకే ఉంటుంది కనుక, నిలువు చారలు, గళ్ల గీతలు పోగు దారినే చూపిస్తాయి, వాటిని నమ్మవచ్చు. అద్దకపు బట్టలో అచ్చు పోగుకు ఏటవాలుగా పడి ఉండవచ్చు, అందువల్ల అక్కడ పువ్వుల వరుసను చూసి కోయకూడదు. ఉతికి ఉతికి చీర ఒక మూలకు లాగినట్టు సాగి ఉంటే, తడిగా ఉన్నప్పుడే ఇద్దరు ఎదురుగా నిలబడి పొట్టిగా ఉన్న ఐమూలను పట్టి లాగితే పోగులు చాలావరకు దారికి వస్తాయి. ఇంట్లో పాత పుట్టపాక తేలియా రుమాలు ఉంటే మాత్రం దాని మీద కత్తెర పెట్టకండి. పడుగునూ (నిలువు పోగులనూ) పేకనూ రెండింటినీ ముడులు కట్టి రంగులద్ది నేసిన బట్ట అది.

కొత్త బట్టను కలుపుతుంటే, అది కుదించుకుపోయేదేదో ముందే కుదించుకుపోయేలా ఉతికి తీరాలి. పాత చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, కుచ్చెళ్లు దోపే చోట పలచబడిన భాగాన్ని వదిలేయాలి. చీర అంచులో పోగులు దట్టంగా ఉండి, అది చీర మధ్య భాగంతో సమానంగా సాగదు గనుక దాన్ని ముందే వేరు చేయాలి. తరువాత పలుచని గంజి పెట్టి, నీడలో ఆరబెట్టి, కాస్త చెమ్మ ఉండగా ఇస్త్రీ చేస్తే బట్ట కాగితంలా నిలబడుతుంది. ఇస్త్రీ పెట్టెను ఈడ్చకుండా ఎత్తి ఎత్తి పెట్టాలి. ఐమూలగా ఈడిస్తే అప్పటిదాకా పడ్డ శ్రమ వృథా అవుతుంది.

కుట్టుకు రెండు పక్కలా పావు అంగుళం చొప్పున పోతుంది, అందువల్ల 2 అంగుళాలు కనిపించవలసిన పట్టీని 2.5 అంగుళాలకు కోయాలి. 36 అంగుళాల బట్టలో ఇలాంటివి 14 వస్తాయి, మిగిలిన 1 అంగుళం అంచు సరిచేయడానికి సరిపోతుంది. ఒకే స్కేలును మొదటి నుంచి చివరి వరకు వాడాలి. టేపు సాగుతుంది, రెండు స్కేళ్ల గీతలు ఒకేలా ఉండవు. రెండు పొరలకు మించి మడవకుండా, ఫ్యాను ఆపి, ప్రతి మూడు నాలుగు పట్టీలకు ఒకసారి అంచును మళ్లీ పోగుతో సరిచూసుకోవాలి. బొంత చుట్టూ వచ్చే పొడవాటి పట్టీలను పడుగు వెంట కోస్తే తక్కువ సాగుతాయి.

చక్రం లాంటి బ్లేడు ఉండే రోటరీ కట్టర్‌తో పని చాలా చక్కగా వస్తుంది, కానీ అది గోరునూ వేలినీ బట్టంత సులువుగా కోస్తుంది. స్కేలు మీద పెట్టిన వేళ్లు అంచుకు కనీసం 1 అంగుళం లోపల ఉండాలి, బ్లేడు ఎప్పుడూ మన నుంచి అవతలికే నడవాలి, ఒక్క కోత కాగానే మూత వేయాలి. పోగులు తెగకుండా అక్కడక్కడ మిగిలితే బలం పెంచకండి, బ్లేడు మార్చండి. బలంగా నొక్కినప్పుడే స్కేలు జారి చేయి తెగుతుంది. కింద పరిచే మ్యాట్‌ను మన ఎండలకు కిటికీ పక్కనో మిద్దె మీదో వదిలితే వంకర పోతుంది, వంకర మ్యాట్ మీద తిన్నని పట్టీ రాదు.

అన్నీ ఒకేసారి కోసేయకుండా మొదట మూడే పట్టీలు కోసి, కలిపి కుట్టి, మెల్లగా ఇస్త్రీ చేసి అడ్డంగా కొలవాలి. సరిగ్గా 6.5 అంగుళాలు రావాలి. తక్కువో ఎక్కువో వస్తే తప్పు కోతలో ఉందా కుట్టులో ఉందా తేలేవరకు మిగతా చీరను మడిచి పక్కన పెట్టండి.