బ్రిటన్‌లో తెలుగు సంఘాన్ని నడిపేవారు వారానికో రోజు ఆగడం ఎలా

ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 జనగణనలో తాము క్రైస్తవులమని చెప్పినవారు 46.2 శాతం. పదేళ్ల కిందట అది 59.3 శాతం. ఏ మతమూ లేదన్నవారు 37.2 శాతానికి చేరారు. ఇలాంటి చోట తెలుగు క్రైస్తవ సంఘాన్ని నడిపే పాస్టరు గారికైనా సంఘ పెద్దకైనా ముందుగా తోచేది కూడికలు పెంచడమే. ఆదివారం ఆరాధన చాలదని బుధవారం జూమ్ ప్రార్థన, శుక్రవారం ఆల్‌నైట్ (రాత్రంతా ప్రార్థన), శనివారం యవ్వనస్తుల కూడిక వచ్చి చేరతాయి. నడిపే మనిషి చూస్తే వారమంతా ఆస్పత్రి షిఫ్టులోనో ఆఫీసులోనో ఉండి, మిగిలిన గంటల్లో సేవ చేసేవాడు. పిల్లలు దేవునికి దూరమైపోతారన్న భయంతో పెట్టిన కూడికలే వాళ్లతో కలిసి అన్నం తినే సాయంత్రాలను మింగేస్తాయి. దేవుడు లేడని స్కూల్లో విన్న పదమూడేళ్ల పిల్ల ఆ మాట జూమ్‌లో అడగదు. తొందరలో లేని పెద్దవాళ్లు కనబడితే అడుగుతుంది. అందుకే వేగం తగ్గించుకోవడం కూడా సేవలో భాగమే.

ముందు 14 రోజులు ఏమీ మార్చకుండా లెక్క రాయండి. నోటుపుస్తకంలో నాలుగు గడులు చాలు: ఉద్యోగం, సంఘం, ఇల్లు, నిద్ర. సంఘం వాళ్లతో ఫోన్లో మాట్లాడిన సమయం, వాట్సాప్ జవాబులు, హాలు తాళాల కోసం తిరిగిన తిరుగుడు అన్నీ సంఘం గడిలోనే వేయాలి. వారానికి 40 గంటల ఉద్యోగం చేస్తూ సంఘం గడి 15 గంటలు దాటిందంటే ఏదో ఒకటి తీసేయాల్సిందే. దేన్ని తీయాలో ఆ పుస్తకమే చూపిస్తుంది.

ఇక విశ్రాంతి దినం. వరుసగా 24 గంటలు ఉండాలి. రెండు అరపూటలు కలిపితే లెక్కకు రాదు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ 2009 నాటి సేవా నిబంధనల్లో కూడా పాదిరులకు ఏడు రోజుల్లో ఎడతెగని 24 గంటల విశ్రాంతి ఉంది. ఉద్యోగం చేస్తూ సేవ చేసేవారికి శుక్రవారం సాయంత్రం 7 నుంచి శనివారం సాయంత్రం 7 వరకు కుదురుతుంది. అంటే ఆల్‌నైట్ నెలకొకసారికి తగ్గాలి, ఆదివారం చెప్పే వాక్యం (ప్రసంగం) సిద్ధపాటు గురువారం రాత్రికల్లా ముగియాలి. పూర్తికాల సేవకులు సోమవారం తీసుకోవడం వాడుక. కానీ ఆదివారం అలసటతో ఆ రోజంతా మంచం మీదే గడిచిపోతుంది, మంగళవారం నయం. షిఫ్టుల్లో పనిచేసే నర్సులైతే రోటా (డ్యూటీల పట్టిక) చేతికి రాగానే, ఇంకేదీ ఒప్పుకోకముందే, ఆ నాలుగు వారాల విశ్రాంతి దినాలను గుర్తు పెట్టుకోవాలి.

సాయంత్రం మొదలుపెట్టమనడానికి కారణముంది. ఆదికాండం మొదటి అధ్యాయంలో అస్తమయం ముందు, ఉదయం తర్వాత. విశ్రాంతి నిద్రతో మొదలవుతుంది కాబట్టి, దాన్ని ముందుగా సంపాదించుకోవలసిన పని ఉండదు. డిసెంబరులో లండన్‌లో నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు గనుక గడియారాన్నే పట్టుకోండి, మర్నాడు మధ్యాహ్నం లోపు వెలుతురులో ఓ గంట నడవండి.

ఎక్కువగా చెడేది ఫోన్ దగ్గరే. ఫోన్ ఆపేస్తే సరిపోదు, ఆ ఫోన్ ఇంకొకరు ఎత్తాలి. ముగ్గురు పెద్దలు వంతులవారీగా ఆ 24 గంటలు చూసుకోవాలి. మిమ్మల్ని లేపాల్సిన సంగతులేమిటో ముందే రాసి వాళ్లకివ్వండి: మరణం, ఆస్పత్రిలో చేర్చడం, పిల్లలకో స్త్రీకో ఇంట్లో ప్రమాదం. (ఈ మూడోదానిలో ప్రాణభయం ఉంటే మొదటి ఫోన్ అత్యవసర నంబరు 999కే, పాస్టరు గారికి కాదు. ఇది సంఘమంతటికీ తెలిసి ఉండాలి.) ఆ రోజు సంఘం వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చి, ఈ సందేశం పెట్టండి: ‘అయ్యగారు రేపు సాయంత్రం ఏడింటి వరకు విశ్రాంతిలో ఉంటారు. అత్యవసరమైతే ఫలానా పెద్దగారికి ఫోన్ చేయండి.’ ఇండియా ఫోన్ల సంగతి వేరే చూసుకోవాలి. చలికాలంలో అక్కడ ఉదయం ఆరంటే ఇక్కడ రాత్రి పన్నెండున్నర. వేసవిలో తేడా నాలుగున్నర గంటలే. ఊళ్లోవాళ్లకు మీరు మాట్లాడగలిగే వేళ ఒకటి చెప్పి ఉంచండి.

ఇంత చేసినా పని పంచకపోతే నిలవదు. నిర్గమకాండం 18లో యిత్రో తన అల్లుడు మోషేతో అన్నది ఇదే: నువ్వు ఒక్కడివే మోస్తే నువ్వూ నలిగిపోతావు, ఈ ప్రజలూ నలిగిపోతారు. చాలామంది రెండో సగాన్ని వదిలేస్తారు. మోషే తీర్పు కోసం పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరుసలో నిలబడి అలసిపోయింది జనమే కదా. నలభై కుటుంబాల సంఘమైతే పదేసి చొప్పున నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక దంపతులను పెట్టండి. కొత్తగా వచ్చిన విద్యార్థులను కలవడం, బాలింతను చూసి రావడం, ఇల్లు మారేవాళ్లకు సాయం వాళ్లే చూస్తారు. కానుకలు లెక్కపెట్టేది బంధుత్వం లేని ఇద్దరై ఉండాలి, పాస్టరు గారు అందులో ఉండకూడదు. పని అప్పగించే తీరు ఇది: రెండుసార్లు మీతో తీసుకెళ్లండి, ఒకసారి వాళ్లు చేస్తుంటే పక్కనుండండి, తర్వాత మూడు నెలలు ముట్టుకోకండి. మొదటి పొరపాటుకే వెనక్కి లాక్కుంటే ఇంకెప్పుడూ ఎవరూ ముందుకు రారు. వాక్యం కూడా అంతే. ఏడాదిలో 52 ఆదివారాలుంటే 12 ఇతరులకివ్వండి. మిగిలినవాటికి బైబిల్లో ఒకే పుస్తకం వరుసగా తీసుకుంటే ‘ఈ వారం ఏం చెప్పాలి’ అన్న వెతుకులాట తప్పుతుంది.

ఇంట్లో అమ్మగారి మాటేమిటి? విశ్రాంతి దినాన అయ్యగారు పడుకుని, ఆవిడ పదిమందికి బిర్యానీ వండుతుంటే అది సగం ఇంటి విశ్రాంతే. ఆ రోజు భోజనానికి ఎవర్నీ పిలవొద్దు. గురువారమే పప్పు, కూర ఎక్కువ చేసి ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా ఆ రోజు వంట భర్తే చేయాలి.

సెలవులు పాడయ్యేది ఇండియా ప్రయాణంలో. పూర్తికాల ఉద్యోగికి బ్రిటన్ చట్టం ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు ఇస్తుంది. వారానికి ఐదు రోజులు పనిచేసేవారికి అది 28 రోజులు. బ్యాంక్ హాలిడేలను (ప్రభుత్వ సెలవు రోజులను) కూడా అందులోనే కలిపేయవచ్చు. అందులో మూడు వారాలు ఊరికి వెళ్తే, దిగిన మర్నాటి నుంచే కూటాలు, ప్రతిష్ఠలు, గృహప్రవేశ ప్రార్థనలు. తిరిగొచ్చేసరికి వెళ్లినప్పటికన్నా అలసట ఎక్కువ. టికెట్ కొనేటప్పుడే అక్కడివాళ్లకు చెప్పేయండి: మొదటి ఏడు రోజులు ఏ కూటమూ ఉండదు, మొత్తం ప్రయాణంలో మూడుకు మించి వాక్యం చెప్పను. ఇంకో వారం సెలవు బ్రిటన్‌లోనే, ఏ పనీ పెట్టుకోకుండా గడపడానికి దాచుకోండి.

‘దైవసేవకుడికి సెలవేంటి?’ అనే మాట వస్తుంది. అందుకే మొదలుపెట్టడానికి నాలుగు వారాల ముందు ప్రకటించాలి, ఆ ప్రకటన పెద్దల నోట రావాలి. విశ్రాంతి దినాన అంత్యక్రియలు వస్తే వెళ్లండి, కానీ ఆ వారంలోనే ఇంకో 24 గంటలు తీసుకోండి. వరుసగా రెండు వారాలు తప్పిందంటే పెద్దలే అడగాలి.

కొన్నిసార్లు విశ్రాంతి చాలదు. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా, చిన్నదానికే కోపం వస్తున్నా జీపీ (మీ ప్రాంత కుటుంబ వైద్యుడు) దగ్గరకు వెళ్లండి. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) వారి టాకింగ్ థెరపీకి, అంటే మాటలతో చేసే మానసిక చికిత్సకు, జీపీ చీటీ లేకుండా మీరే పేరు ఇచ్చుకోవచ్చు. చచ్చిపోతే బాగుండనిపిస్తే అదే రోజు ఎవరికైనా చెప్పాలి. 116 123 నంబరులో సమారిటన్స్ అనే సహాయ సంస్థవారు రాత్రీ పగలూ పలుకుతారు. ఇది అవిశ్వాసం కాదు. 1 రాజులు 19లో చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత గద్దించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, ఇంకోసారి తినమన్నాడు. పని గురించిన మాట చాలా రోజుల తర్వాత, హోరేబు కొండ దగ్గర వచ్చింది.

మూడు నెలలయ్యాక మళ్లీ 14 రోజుల లెక్క రాసి, పాత పేజీల పక్కన పెట్టి చూడండి. ఇంట్లో పిల్లల్ని కూడా అడగండి, ఈ మధ్య నాన్న ఇంట్లో ఉన్నట్టు అనిపిస్తోందా అని.