కాలువ చివరి శివారు ఊరికి ఉప్పు పటం, వరద పటం: ఊరివాళ్లతోనే గీయించే పద్ధతి

కోనసీమలో వరదకో ఉప్పుకో ప్రణాళిక అనగానే పంచాయతీ ఆఫీసులో కుర్చీలు వేసేస్తారు. అసలు తప్పు అక్కడే. చెరువు యజమాని ఎదురుగా కూర్చుంటే కౌలు రైతు నోరు విప్పడు. విప్పితే వచ్చే సార్వాకి (ఖరీఫ్ వరికి) కౌలు దొరకదు. ఉమ్మడి సభను చివరికి ఉంచండి.

ముందు నాలుగు గుంపులుగా వేర్వేరుగా కలవండి: కౌలు రైతులు, రొయ్యల చెరువులవాళ్లు, వేటకెళ్లేవాళ్లు, నీళ్లు మోసే ఆడవాళ్లు. ఒక్కో గుంపుకి ఎనిమిది, పదిమంది చాలు. నాట్ల రోజుల్లో పగలు పిలిస్తే కూలి పోతుంది, ఎవరూ రారు.

ముగ్గుపిండి చేతికిచ్చి ఏటిగట్టు, పంట కాలువ, మురుగు డ్రెయిను, మొగ (నీళ్లు సముద్రంలో కలిసే చోటు) నేలమీద గీయమనండి. మీరు గీయొద్దు. 1986 వరద, 1996 తుపాను నీళ్లు ఏ గోడదాకా వచ్చాయో అడిగి టేపుతో కొలవండి. ధవళేశ్వరంలో గోదావరి బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. ఊరికి ఈ అంకెలు వట్టిగా చెబితే పనికిరావు. రెండో హెచ్చరికకి ఏ వీధి మునుగుతుంది, ఏ దారి తెగుతుంది అన్నది పటంలో ఉండాలి.

ఉప్పు కొలవడానికి జేబులో పట్టే ఈసీ మీటరు చాలు; నీళ్లలో కరెంటు ఎంత బాగా పారితే ఉప్పు అంత ఎక్కువని అది చూపిస్తుంది. వాడే ముందు 1413 మైక్రోసీమెన్స్ (సెంటీమీటరుకి) ప్రమాణ ద్రావణంలో సరిచూడండి. చేతిపంపును అయిదు నిమిషాలు కొట్టి, పైపులో నిలిచిన నీళ్లు పోయాకే సీసా పట్టండి. డ్రెయినులో మాత్రం పైనీళ్లు ముంచితే మోసపోతారు: ఉప్పునీరు బరువెక్కువ కనుక అడుక్కి చేరుతుంది. మూత పెట్టిన సీసాను రాయితో సహా కర్రకి కట్టి అడుగుదాకా దించి, దారంతో మూత లాగాలి. అమావాస్య, పౌర్ణమి పోటుకి ఒకసారి, వారం తర్వాత అవే చోట్ల ఇంకోసారి. పొలానికి పెట్టే తడి నీటిలో మీటరుకి 2 డెసీసీమెన్స్, అంటే సెంటీమీటరుకి 2000 మైక్రోసీమెన్స్ దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది.

నాలుగు గుంపులూ గీసిన పటాల్నీ ట్రేసింగ్ కాగితం మీదకెత్తి ఒకదానిమీద ఒకటి పరచండి. రొయ్యల చెరువు తూము, పొలంలో తేలిన చౌడు పక్కపక్కనే కనిపించొచ్చు, గొడవ అవుతుంది. ఆ గొడవ కొలతల ముందు జరగనివ్వండి, పేర్ల ముందు కాదు.

గ్రామసభ తీర్మానంలో "డ్రెయిను బాగుచేయాలి" అని రాస్తే అది అక్కడే ఆగుతుంది. ఏ తూము నుంచి ఏ తూముదాకా, ఇసుక మేటా గుర్రపుడెక్కా, ఎన్ని మీటర్లు అన్నది రాయండి. కాలువలు కట్టేసే వేసవిలోనే పనులు సాగుతాయి గనక, ఆ కాగితం సంక్రాంతి దాటకుండా నీటిపారుదల ఆఫీసుకి చేరాలి.