పాత డీసీ పట్టాల మీద డిజిటల్ ఇంజన్: సమస్య – పరిష్కారం

ఏళ్ల తరబడి 12 వోల్టుల డీసీ కంట్రోలర్‌తో నడుస్తున్న మోడల్ రైలు లేఅవుట్ మీద డీకోడర్ (డిజిటల్ ఆదేశాలను చదివి మోటారును నడిపే చిన్న సర్క్యూట్) అమర్చిన ఇంజన్‌ను పెట్టినప్పుడు కనిపించే ఇబ్బందుల్లో చాలావరకు ఇంజన్ చెడిపోవడం వల్ల వచ్చేవి కావు. పాత పద్ధతిలో పట్టాలలోని వోల్టేజీ నేరుగా మోటారుకు చేరుతుంది. డీకోడర్ ఉన్నప్పుడు అది ముందుగా తాను పనిచేయడం మొదలుపెట్టాలి, పట్టాల నుంచి వస్తున్నది డీసీసీ (పట్టాల ద్వారానే ఇంజన్‌కు డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) సంకేతమో మామూలు డీసీయో తేల్చుకోవాలి, ఆ తర్వాతే మోటారుకు కరెంటు వదలాలి. సమస్యను వెతికేటప్పుడు కూడా ఇదే వరుసలో వెళ్లడం మంచిది.

ఇంజన్ అసలు కదలదు, లైటు కూడా వెలగదు

చక్రాలు, పట్టాలు శుభ్రంగా ఉండి, అదే చోట పాత ఇంజన్ చక్కగా నడుస్తూ ఉంటే, డీకోడర్‌లో అనలాగ్ అనుమతి, అంటే మామూలు డీసీ మీద నడిచే వీలు, తీసివేసి ఉందని అనుకోవచ్చు. డీకోడర్ తనలో దాచుకునే అమరికలను సీవీలు అంటారు. వాటిలో 29వ సీవీ కొన్ని అంకెల మొత్తం: దిశ తిరగవేయడానికి 1, 28 లేదా 128 వేగపు మెట్లకు 2, అనలాగ్ అనుమతికి 4, రైల్‌కామ్‌కు (డీకోడర్ తిరిగి సమాచారం పంపే వీలుకు) 8, సొంత వేగపు పట్టికకు 16, ఇంజన్‌ను పిలిచే పొడవైన అడ్రసు సంఖ్యకు 32. మొత్తంలో 4 లేకపోతే ఆ ఇంజన్ డీసీ పట్టాల మీద కదలదు.

అందువల్ల డీసీసీ యూనిట్ ప్రోగ్రామింగ్ ట్రాక్ (సీవీలను చదవడానికి, రాయడానికి వాడే పట్టా) మీద ముందుగా సీవీ29ని చదివి, వచ్చిన విలువలో 4 లేకపోతే దానికి 4 కలిపి తిరిగి రాయాలి. 2 ఉంటే 6, 10 ఉంటే 14, 34 ఉంటే 38 అవుతుంది. ‘సీవీ29లో 6 రాయండి’ అని చాలామంది ఇచ్చే సలహాను కళ్లు మూసుకుని పాటించకూడదు. 34 ఉన్న ఇంజన్‌కు నేను ఒకసారి అలాగే 6 రాసి, పొడవైన అడ్రసు రద్దయిందన్న సంగతి తట్టక, నాలుగంకెల అడ్రసుతో దాన్ని పిలుస్తూ ఒక సాయంత్రమంతా గడిపాను. డీసీసీ యూనిట్ అందుబాటులో లేనివారు డీకోడర్‌ను సాకెట్ నుంచి తీసి, ఇంజన్‌తో పాటు వచ్చిన బ్లాంకింగ్ ప్లగ్‌ను (పట్టాల కరెంటును నేరుగా మోటారుకు కలిపే ముక్కను) పెడితే, అది మళ్లీ మామూలు డీసీ ఇంజన్‌గా నడుస్తుంది.

నాబ్ సగం తిప్పేదాకా కదలదు, ఆ తర్వాత ఒక్క ఉదుటున దూకుతుంది

ఇది లోపం కాదు. డీకోడర్ పనిచేయడానికే కొన్ని వోల్టులు కావాలి, శబ్దం ఉన్న డీకోడర్‌కు ఇంకా ఎక్కువ కావాలి. నాబ్‌ను నెమ్మదిగా తిప్పుతూ గమనించండి: ముందు హెడ్‌లైటు వెలుగుతుంది, శబ్దం ఉంటే అది మొదలవుతుంది, చక్రాలు మాత్రం కదలవు. అక్కడ చేయి ఆపి క్షణం ఆగి, ఆపైన వెంట్రుకవాసి చొప్పున పెంచితే దూకుడు తగ్గుతుంది. కొన్ని డీకోడర్లలో అనలాగ్ ఆరంభపు వోల్టేజీకి ప్రత్యేకమైన సీవీ ఉంటుంది, దాని సంఖ్య మాన్యువల్‌లో దొరుకుతుంది. ఇటువంటి ఇంజన్‌ను పాత ఇంజన్‌తో జతచేసి ఒకే బండిని లాగించడం మాత్రం వద్దు, ఎందుకంటే పాతది ముందే కదిలి, ఇంకా మేల్కొనని దీన్ని ఈడ్చుకుపోతుంది.

కుదుపులు, లైట్ల మిణుకు, శబ్దం మాటిమాటికీ మొదటికి రావడం

దీనికి కారణం ఎక్కువగా కంట్రోలరే. తక్కువ వేగంలో ఇంజన్ సాఫీగా పాకడానికి కొన్ని కంట్రోలర్లు నిలకడైన డీసీకి బదులు తునకలు తునకలుగా కరెంటును పంపుతాయి. పాత మోటారుకు అది మేలే. డీకోడర్ మాత్రం ప్రతి తునకకూ మధ్య శక్తి చాలక ఆగిపోతుంది, లేదా ఆ తునకలనే సంకేతం అనుకుని చదవబోతుంది. సాఫీ డీసీ ఇచ్చే కంట్రోలర్‌కు మారడమే సరైన పరిష్కారం. కంట్రోలర్ తీగల మధ్య పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ పెట్టి సర్దుకోవాలని చూడకండి, దిశ మార్చగానే దానికి వ్యతిరేక వోల్టేజీ తగిలి అది పాడవుతుంది. పట్టాల మురికిని అధిక పౌనఃపున్యపు విద్యుత్తుతో కాల్చే పరికరం లేఅవుట్‌లో ఉంటే దాన్ని పూర్తిగా తొలగించాలి, అది డీకోడర్‌ను శాశ్వతంగా చంపగలదు.

డీకోడర్ వేడెక్కుతుంది లేదా కాలిపోతుంది

పాత ట్రాన్స్‌ఫార్మర్ మీద 12 వోల్టులని రాసి ఉన్నా, పట్టాల మీద ఏ ఇంజనూ లేనప్పుడు అది అంతకంటే బాగా ఎక్కువ ఇవ్వవచ్చు. నాబ్ పూర్తిగా తిప్పి పట్టాల దగ్గర మల్టీమీటర్‌తో కొలిచి, ఆ అంకెను డీకోడర్ గరిష్ఠ పరిమితితో పోల్చి చూసుకోవాలి.

డీసీసీకి మార్చగానే ఇంజన్ పూర్తి వేగంతో పరుగెత్తుతుంది

మొదటి సమస్యకు ఇది తలకిందులు. సంకేతం సరిగా అందని క్షణంలో డీకోడర్ దాన్ని డీసీ అనుకుని, ఉన్న వోల్టేజీ అంతటినీ మోటారుకు ఇచ్చేస్తుంది. డీసీసీ మీదనే ఎక్కువగా నడిపే ఇంజన్‌కు సీవీ29 నుంచి 4 తీసివేయడం క్షేమం.

సంకేతం సరిగా అందకపోవడానికి పాత వైరింగే కారణం కావచ్చు. డీసీసీలో 1ని తెలిపే సంకేతంలో ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు మాత్రమే ఉంటుంది, 0కి 100 లేదా అంతకు మించి ఉంటుంది. పాత ఫీడ్ ట్రాక్‌లలో (కంట్రోలర్ తీగలు తగిలించే పట్టా ముక్కల్లో) రేడియో అంతరాయాన్ని తగ్గించడానికి పెట్టిన చిన్న కెపాసిటర్ ఈ సంకేతపు అంచులను అరగదీస్తుంది. ఫీడ్ ముక్కను తిరగేసి అడుగు భాగం చూస్తే, రెండు పట్టాల మధ్య అది కనిపిస్తుంది, కత్తిరించి తీసివేయవచ్చు. తీగలు సన్నగా ఉన్నాయేమోనని అనుమానం ఉంటే, లేఅవుట్ అంతటా అక్కడక్కడా ఒక నాణేన్ని రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టి చూడాలి. ప్రతిచోటా డీసీసీ యూనిట్ వెంటనే ఆగిపోవాలి, ఆగని చోట తీగ మార్చాలి.

సగం డీసీ, సగం డీసీసీగా ఉంచిన లేఅవుట్‌లో రెండింటి సరిహద్దు దాటగానే ఏదో ఒకటి కాలిపోతుంది

ఇంజన్ చక్రాలు ఇన్సులేటెడ్ జాయింట్ (రెండు భాగాల మధ్య కరెంటు పారకుండా విడదీసే అతుకు) మీదుగా వెళ్లేటప్పుడు రెండు వైపులనూ కలుపుతాయి, ఆ క్షణంలో డీసీసీ యూనిట్, పాత కంట్రోలర్ ఒకదానిలోకి ఒకటి విద్యుత్తును తోస్తాయి. లేఅవుట్ మొత్తాన్ని ఒకేసారి ఏదో ఒక పద్ధతిలోకి మార్చే స్విచ్ ఒక్కటే పెట్టాలి. అది రెండు తీగలనూ కలిపి మార్చేదై, నడిమి స్థానంలో పూర్తిగా ఆపేదై ఉండాలి. స్విచ్ తిప్పే ముందు నాబ్‌ను సున్నాకు తేవాలి, డీకోడర్ లేని ఇంజన్లను పట్టాల మీద నుంచి తీసివేయాలి, డీసీసీ మీద ఊరికే నిలబడినా వాటి మోటార్లు గుయ్యిమంటూ వేడెక్కుతాయి.

డీసీ మీద ఇంజన్ నడుస్తుంది గానీ లైట్లు, శబ్దం రావు

అనలాగ్‌లో ఏ ఫంక్షన్ (లైటు, శబ్దం వంటిది) దానంతట అది పనిచేయాలో సీవీ13, సీవీ14 నిర్ణయిస్తాయి. చాలా డీకోడర్లలో సీవీ14లో 3 రాస్తే ముందు, వెనుక లైట్లు వస్తాయి, సీవీ13లో 1 రాస్తే ఎఫ్1 (ఒకటో నంబరు ఫంక్షన్) పనిచేస్తుంది.