నారోబోటులో చలికాలం: హీటింగ్ ఆగితే, చెమ్మ పడితే, అడుగున నీళ్లు చేరితే

ఇంగ్లండ్ కాలువల మీద నారోబోటులో కాపురం ఉండేవాళ్లకు అక్టోబరు నుంచి మార్చి దాకా ధ్యాసంతా ఒక్కదాని మీదే: బోటు వెచ్చగా ఉండాలి, పొడిగా ఉండాలి. అసలు ఇల్లే 6 అడుగుల 10 అంగుళాల వెడల్పున్న ఉక్కు పెట్టె. కింద కాలువ నీళ్లు, పైన 4 మిల్లీమీటర్ల రేకు. ఫ్లాటులో బాయిలర్ ఆగితే ఓనరుకి ఫోన్ చేస్తాం. ఇక్కడ ఓనరూ మనమే, మెకానిక్కూ చాలాసార్లు మనమే. అద్దెలు భరించలేక బోటు కొనాలని చూస్తున్న తెలుగువాళ్లు బ్రిటన్‌లో ఎవరైనా ఉంటే, కొనకముందే ఇది చదవాలని నా కోరిక.

ముందు ఒక మాట. బోటులో లోపం ఒకచోట ఉంటుంది, బాధ ఇంకోచోట కనిపిస్తుంది. హీటర్ ఆగిపోతే తప్పు బ్యాటరీది కావచ్చు. పరుపు తడిస్తే తప్పు వంటగదిది కావచ్చు. అందుకని పార్టు కొనడానికి పరిగెత్తకుండా, ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, ఏం చేసినప్పుడు ఎక్కువవుతోంది అన్నది ముందు గమనించండి.

తలనొప్పి, వికారం, లేదా అలారం మోగడం

మిగతావన్నీ దీని తర్వాతే. జ్వరం లేదు, కానీ ఫ్లూ వచ్చినట్టు తల బరువుగా ఉంది, కడుపులో తిప్పుతోంది. బయటికెళ్తే తగ్గుతోంది, లోపలికొస్తే మళ్లీ మొదలవుతోంది. అది కార్బన్ మోనాక్సైడ్ అనే అనుకోండి. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు బార్లా తెరుచుకుంటూ అందరూ బయటికి వచ్చేయాలి. బోటును వెచ్చబెట్టే కట్టెల, బొగ్గుల స్టవ్ ఆర్పి వద్దామని మళ్లీ లోపలికి వెళ్లకండి. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే వెంటనే 999కి ఫోన్ చేయండి.

కారణాలు ఎక్కువగా ఇవే: స్టవ్ తలుపు సీలు పాడైపోవడం, పొగగొట్టం మూసుకుపోవడం, చలిగా ఉందని గాలి కన్నాలకు గుడ్డలు కుక్కడం, ఒళ్లు వెచ్చబడటానికి గ్యాస్ పొయ్యి వెలిగించి వదిలేయడం, నిప్పు ఆరిందనుకుని బార్బెక్యూ లోపల పెట్టడం. బూడిద కూడా ప్రమాదమే. పైకి చల్లారినట్టున్నా లోపల కణకణలాడే బొగ్గు గంటల తరబడి ఈ గ్యాసు వదులుతూనే ఉంటుంది. స్టవ్‌లోంచి తీసిన బూడిదను మూతున్న ఇనప డబ్బాలో పోసి బయటే ఉంచాలి. పక్క బోటు ఇంజిన్ పొగ మన కిటికీలోంచి రావడం చాలామందికి తట్టని కారణం.

పడుకునే వసతి ఉన్న బోట్లలో అలారం ఉండాలని 2019 ఏప్రిల్ నుంచి బోట్ సేఫ్టీ స్కీమ్ (బోట్ల భద్రతను తనిఖీ చేసే పథకం) నిబంధన. కొనేటప్పుడు బీఎస్ ఈఎన్ 50291-2 అన్న గుర్తు చూడండి. చివరి ఆ 2 అంకె బోట్లు, క్యారవాన్ల కోసం. వారానికోసారి బటన్ నొక్కి పరీక్షించండి.

స్టవ్ వెలిగిస్తే పొగ గదిలోకే వస్తోంది

బోటు పొగగొట్టం పొట్టిది, కాబట్టి పొగను లాగే శక్తి తక్కువ. గొట్టం చల్లగా ఉంటే పొగ పైకి ఎక్కదు. ముందు రెండు కాగితాలు నలిపి, కట్టె పేళ్ల పైన పెట్టి వెలిగించి గొట్టాన్ని వేడెక్కించండి. అప్పటికీ వెనక్కే వస్తుంటే మసి పేరుకుందని అర్థం. గొట్టంలో బ్రష్ దింపి దులిపేవాళ్లు కూడా స్టవ్ లోపల పైభాగంలో ఉండే అడ్డు పలకను మర్చిపోతారు. దులిపిన మసి అంతా దాని మీదే పడి దారి మూసేస్తుంది. పలకను కిందికి దించి, శుభ్రం చేసి, మళ్లీ పెట్టాలి.

తలుపు సీలుకు సులువైన పరీక్ష ఉంది. స్టవ్ చల్లగా ఉన్నప్పుడు తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూయండి. లాగితే గట్టిగా పట్టుకోవాలి. జారి వచ్చేసిందంటే ఆ చోట సీలుగా ఉండే తాడు అణిగిపోయింది. పాత తాడు పీకి, గాడిని గీకి, వేడికి తట్టుకునే జిగురుతో కొత్తది అతికించండి. పొగగొట్టం స్టవ్‌ను కలిసే చోట సిమెంటు పగిలిందేమో కూడా చూడండి. బోటు గట్టుకు తగిలినప్పుడల్లా అక్కడ అదురుతుంది.

నిప్పు ఉంది, వేడి లేదు. అద్దం నల్లబడింది

పచ్చి కట్టె. పదిసార్లలో తొమ్మిదిసార్లు సమాధానం ఇదే. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. ఎక్కువుంటే నిప్పు శక్తంతా నీళ్లు మరిగించడానికే పోతుంది, తారు గొట్టంలో పేరుకుంటుంది, టాపు మీద గోధుమరంగు చారలు కారతాయి. తేమ కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది. కట్టెను చీల్చి లోపలి ముఖం మీద కొలవాలి, పైన కొలిస్తే మోసపోతాం.

రాత్రంతా నిప్పు నిలవాలంటే పొగరాని బ్రికెట్లే మేలు. మామూలు ఇంటి బొగ్గు అమ్మకం ఇంగ్లండ్‌లో 2023 మే నుంచి పూర్తిగా ఆగిపోయింది. ఇక్కడ ఒక తేడా తెలియాలి. కట్టె బూడిద పరుపు మీద హాయిగా మండుతుంది, గాలి పైనుంచి కావాలి. బ్రికెట్లకు గాలి కిందినుంచి రావాలి, అందుకని ఊచల మధ్య బూడిద రాల్చుతూ ఉండాలి. కింది పళ్లెం నిండి బూడిద ఊచలను తాకిందా, గాలి ఆడక ఊచలే ఎర్రగా కాలి వంగిపోతాయి. పొద్దునా రాత్రీ పళ్లెం ఖాళీ చేస్తే ఆ ఖర్చు తప్పుతుంది. రాత్రి గాలి పూర్తిగా మూసేసి పడుకోవడం మాత్రం వద్దు. పొగ పైకి పోవడానికి సరిపడా మంట ఉండాలి.

డీజిల్ హీటర్ రెండు నిమిషాలు గురగురలాడి ఆగిపోతోంది

వెబాస్టో అయినా, ఎబర్‌స్పెకర్ అయినా తీరు ఒకటే. మొదలయ్యేటప్పుడు లోపలి పిన్ను ఎర్రగా కాలాలి, దానికి కరెంటు బాగా లాగుతుంది. వోల్టేజీ పడిపోతే హీటర్ తనను తాను ఆపేసుకుంటుంది. హీటర్ చెడిపోయిందని మనం అనుకుంటాం. మీటరు తీసుకుని, హీటర్ వెలగడానికి ప్రయత్నిస్తున్న ఆ క్షణంలోనే రెండు చోట్ల కొలవండి: ఒకటి బ్యాటరీ దగ్గర, రెండోది హీటర్ దగ్గర. బ్యాటరీ దగ్గర 12.3, హీటర్ దగ్గర 11 అని వస్తే దారిలో వైరు సన్నమైంది, లేదా ఫ్యూజు పట్టీకి తుప్పు పట్టింది. రెండు చోట్లా కలిసి పడిపోతే బ్యాటరీయే అలసిపోయింది.

కరెంటు బాగానే ఉండి తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ మండకుండా బయటికి పోతోంది. పది నిమిషాలు వేసి ఆపడం, ఎప్పుడూ సన్న మంట మీదే నడపడం, ఈ రెండింటివల్లా లోపల మసి గట్టిపడుతుంది. వేస్తే అరగంటకు తగ్గకుండా వేయండి, వారానికోసారి పూర్తి వేడి మీద నడపండి. చాలా బోట్లలో హీటర్‌కు డీజిల్ తీసుకునే గొట్టం ఇంజిన్ గొట్టం కంటే పొట్టిగా పెడతారు. ట్యాంకులో డీజిల్ బాగా దిగితే ఇంజిన్ నడుస్తుంది, హీటర్‌కు మాత్రం గాలే అందుతుంది. కాబట్టి పార్టులు విప్పేముందు ట్యాంకులో పుల్ల ముంచి చూడండి. హీటర్ మళ్లీ మళ్లీ ప్రయత్నించి లాక్ అయిపోతే, కారణం సరిచేశాకే రీసెట్ చేయాలి.

పొద్దున్నే బ్యాటరీ డౌన్

లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండితే, కాసేపు విశ్రాంతిగా ఉంచాక 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.2కి వస్తే దాదాపు సగం ఖాళీ, అంతకంటే దిగనివ్వకూడదు. డిసెంబర్, జనవరిల్లో సోలార్ పేరుకే ఉంటుంది. రోజూ ఇంజిన్ నడపక తప్పదు. కానీ చుట్టుపక్కల బోట్లుంటే రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఇంజిన్ వేయకూడదన్నది కాలువలను చూసుకునే సంస్థ కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ నియమం. కాబట్టి సాయంత్రమే చూసుకోవాలి. లిథియం బ్యాటరీలు పెట్టుకున్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి: సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు వాటిని ఛార్జ్ చేస్తే పాడవుతాయి.

గ్యాస్ పొయ్యి చలికి వెలగకపోతే ముందు సిలిండర్ రంగు చూడండి. నీలిదాంట్లో బ్యూటేన్ ఉంటుంది, అది సున్నా దగ్గరికొస్తే ఆవిరవదు. చలికాలానికి ఎర్ర సిలిండర్, అంటే ప్రొపేన్ కావాలి. గ్యాస్ లైను పని మాత్రం మీరు చేయకండి. బోట్ల మీద పనిచేసే అర్హత ఉన్న గ్యాస్ సేఫ్ ఇంజనీర్‌నే పిలవండి. లీకైన గ్యాస్ గాలికంటే బరువు, బోటు అడుగున చేరి కూర్చుంటుంది.

పరుపు కింద నలుపు, కిటికీల మీద నీళ్లు

మన వంట గురించి చెప్పాల్సింది ఇక్కడే. అన్నం వార్చినా, పప్పు కుక్కర్‌లో పెట్టినా, సాంబారు మరిగించినా వచ్చే ఆవిరి ఇంత చిన్న చోట ఎటూ పోలేక చల్లటి ఉక్కు మీద నీళ్లుగా మారుతుంది. తాలింపు వేసేముందే పైనున్న గాలి కన్నం తెరవండి, పక్క కిటికీ ఒక అంగుళం తీయండి. కుక్కర్ విజిల్ వచ్చే వైపు గోడ ఎప్పుడూ తడిగా ఉంటుంటే పొయ్యి మీద దాని చోటు మార్చి చూడండి, అదే గోడ ఆరిపోతుంది. బట్టలు లోపల ఆరేయక తప్పకపోతే స్టవ్ వేసి, కిటికీ కాస్త తెరిచి ఆరేయండి. వేడీ గాలీ రెండూ కావాలి, ఒకటి ఉంటే సరిపోదు. పరుపు నేరుగా చెక్క మీద వేయకుండా కింద పట్టీలు వేసి గాలి ఆడనివ్వండి. గాలి కన్నాలు మాత్రం ఎంత చలైనా మూయకండి. అవి బోట్ సేఫ్టీ లెక్కలోకి వస్తాయి.

బోటు అడుగున నీళ్లు

టెన్షన్ పడేముందు నీళ్లు ఎక్కడివో తేల్చుకోవాలి. వెనకవైపు నేలలోని చిన్న మూత తీసి, నీళ్లన్నీ స్పాంజితో తోడి, గుడ్డతో తుడిచి, పాత న్యూస్‌పేపర్ పరవండి. తర్వాత ఎప్పుడు తడిసిందో చూడండి. వాన పడ్డాకే తడిస్తే కిటికీ అంచు, లేదా టాపు మీది గాలి కన్నం. వాన లేకుండా, చలిగా ఉన్న పొద్దుటిపూట కొద్దిగా తడిస్తే ఆవిరి. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా రాత్రి కుళాయిలకు నీళ్లిచ్చే పంపు ఒక్క క్షణం మోగి ఆగుతుంటే నీటి పైపులో ఎక్కడో కారుతోంది. వేడినీళ్ల ట్యాంకు సేఫ్టీ వాల్వ్ కూడా చూడండి, అది నీళ్లను బోటు అడుక్కే వదిలేలా బిగించినవి ఉన్నాయి.

ఇంజిన్ గదిలో నీళ్లుంటే ఎక్కువగా ప్రొపెల్లర్ కడ్డీ బయటికి వెళ్లే చోటునుంచే. ప్రయాణంలో అక్కడ కొన్ని చుక్కలు పడటం మామూలే. ఆగాక గ్రీజు పిడిని బిగువు తగిలేదాకా తిప్పితే చుక్క ఆగాలి. ఆగకపోతే ఆ చోటును బిగించే రెండు నట్లనూ సమానంగా, కొద్దికొద్దిగా బిగించండి. కాసేపు నడిపి, ఇంజిన్ ఆపి, ఆ చోట చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, కాలిపోతుంటే ఎక్కువ బిగించారు. బిగించడానికి నట్టులో చోటే లేకపోతే ప్యాకింగ్ (నీళ్లు రాకుండా కడ్డీ చుట్టూ కుక్కేది) మార్చాలి.

ఈ చుక్కను తేలిగ్గా తీసుకోకండి. చుక్కలు చేరితే అడుగు నీళ్లను తోడే పంపు తోడుతుంది, పంపు బ్యాటరీని తింటుంది, బ్యాటరీ అయిపోతే తోడేవాళ్లుండరు. ఊరెళ్లేముందు ఇది చూసుకుని వెళ్లాలి. నూనె కలిసిన నీళ్లను కాలువలోకి తోడకూడదు.

ఇంజిన్ ఏడుస్తోంది, బోటు కదలట్లేదు

నల్ల పొగ, బరువైన శబ్దం, వేగం లేదు. ప్రొపెల్లర్‌కు ఏదో చుట్టుకుంది. ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. వీడ్ హ్యాచ్, అంటే ప్రొపెల్లర్‌కు పైనున్న మూత తెరిచి, తొడుగు వేసుకున్న చేత్తో తడిమి, రంపపు కత్తితో కొయ్యండి. ప్లాస్టిక్ సంచులు, పాత బట్టలు, తీగలు, ఏవైనా ఉండొచ్చు. తర్వాత మూత సరిగ్గా కూర్చుందా, బిగిందా అని రెండోసారి చూశాకే ఇంజిన్ వేయండి. ఈ మూత వదులుగా పెట్టి బయల్దేరి మునిగిన బోట్లు ఉన్నాయి.

కుళాయి గడ్డకట్టింది

పంపు ఆపండి, కుళాయిలు తెరవండి, బోటును మెల్లగా వెచ్చబడనివ్వండి. పైపుకు మంట పెట్టొద్దు. కరిగేటప్పుడే పగులు బయటపడుతుంది కాబట్టి ఓ గుడ్డ పట్టుకుని దగ్గరే ఉండండి. చలిలో బోటు వదిలి వెళ్తుంటే నీళ్లన్నీ దించి, పంపు ఆపి, కుళాయిలు తెరిచే ఉంచాలి. షవర్ మిక్సర్‌లో మిగిలిన నీళ్లే ముందు పగలగొడతాయి. కాలువ మీద మంచు కట్టినప్పుడు బోటు నడపకండి. పగిలిన మంచు అంచు అడుగు తారుపూతను గీరేస్తుంది, పక్కవాళ్ల బోట్లదీ గీరేస్తుంది. ఆ పూత రెండు మూడేళ్లకోసారి ఎలాగూ వేయించాలి. ఒడ్డు నుంచి కరెంటు తీసుకునేవాళ్లు గాల్వానిక్ ఐసోలేటర్ పెట్టించుకోండి, అది ఎర్తు తీగ గుండా వచ్చి ఉక్కును తినే సన్న కరెంటును ఆపుతుంది. అది లేకపోతే ఉక్కు తొందరగా తినేసుకుపోతుంది.

రిపేరు తేలలేదు, గడువు దాటుతోంది

స్థిరమైన మూరింగ్, అంటే బోటు కట్టుకునే సొంత చోటు లేనివాళ్లు ఒకచోట 14 రోజులకు మించి ఉండకూడదు. ఇంజిన్ చెడినా, మంచు కట్టినా, జబ్బు చేసినా గడువు అయిపోకముందే ట్రస్ట్‌కు చెప్పండి. బోటు ఎక్కడుందో, ఏం చెడిందో, మెకానిక్ ఎప్పుడొస్తాడో రాసి పంపితే చాలాసార్లు అదనపు రోజులు ఇస్తారు. నవంబరు నుంచి మార్చి మధ్య లాకుల (నీటి మట్టం మార్చి బోటును దాటించే గేట్ల) మరమ్మతులకని కొన్ని దారులు వారాలపాటు మూసేస్తారు, ఆ జాబితా ముందే వేస్తారు. బొగ్గు బోటు వచ్చే వైపు, డీజిల్ దొరికే వైపు, మెకానిక్ వ్యాను రాగల రోడ్డున్న వైపు ఉండేలా చూసుకుని, లాకు మూయకముందే అటు దాటేయండి.