చేదెక్కిన అనాస, నల్లబడిన అరటి: ఇంటి స్మూతీ సమస్యలు - పరిష్కారాలు

స్మూతీ సరిగా రాకపోతే చాలామంది ముందు మిక్సీని తప్పుపడతారు. నేను చూసినంతవరకు తప్పు ఎక్కువసార్లు జారులో ఉండదు, జారులో వేసిన పండులో ఉంటుంది. వంటల పుస్తకాల్లో 'ఒక అరటిపండు' అని కొలత ఇస్తారు. అది రాసినవారి దృష్టిలో ఉన్నది కావెండిష్ అనే పొడవాటి రకం పండు. మనం రావులపాలెం మార్కెట్టు నుంచి తెచ్చుకునేవి కర్పూర చక్కెరకేళి, తెల్ల చక్కెరకేళి, అమృతపాణి. వీటిలో ఒకదాని పరిమాణం, పులుపు, మెత్తదనం మరొకదానికి ఉండవు. మామిడి సంగతీ అంతే. అందుకే గ్లాసులో ఏ తేడా కనిపించినా ముందు 'ఏ పండు వేశాను, అది ఎంత పండింది' అని చూసుకోండి. పాలు, ఐసు, మిక్సీ ఆ తరువాత.

అనాసతో పాలు విరిగాయి, లేదా కాసేపటికి చేదెక్కింది

ఇవి రెండూ ఒకటే అనుకుంటారు కానీ వేర్వేరు. పాలు పోసి తిప్పగానే సన్నటి పలుకులు తేలితే అది పులుపు చేసిన పని. పాల పీహెచ్ విలువ (పులుపును చూపే అంకె, పులుపు పెరిగితే ఇది తగ్గుతుంది) 4.6 దగ్గరకు దిగితే అందులోని కేసీన్ అనే మాంసకృత్తి గడ్డకడుతుంది. అనాస రసం అంతకంటే పుల్లనిది. ఇలా విరిగినది తాగితే హాని లేదు, కాకపోతే చూడటానికి బాగుండదు. పాల బదులు పెరుగు వేస్తే ఈ చిక్కు తీరుతుంది, ఎందుకంటే పెరుగు ముందే తోడుకున్న పాలు.

చేదు సంగతి వేరు. అనాసలో బ్రొమిలేన్ అనే ఎంజైమ్ ఉంది. అది పాలలోని, పెరుగులోని మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. ఒక వేసవిలో మా ఇంటికి చుట్టాలు వస్తున్నారని పొద్దున్నే అనాస, పెరుగు కలిపి తిప్పి ఫ్రిజ్‌లో పెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక గ్లాసుల్లో పోసి ఇస్తే పిల్లలు ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేశారు. పొద్దున రుచి చూసినప్పుడు తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి కషాయంలా మారింది. చల్లదనం ఈ ఎంజైమ్ పనిని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. అనాస ముక్కలను ఫ్రీజర్‌లో గడ్డకట్టించినా అది చావదు, కరగగానే మళ్లీ పని మొదలుపెడుతుంది.

దాన్ని ఆపేది వేడి ఒక్కటే. అనాస ముక్కలను కొద్దిగా నీళ్లలో సన్నని మంట మీద ఐదు నిమిషాలు ఉడికించి, చల్లార్చి వాడండి. డబ్బాలో వచ్చే అనాసతో చేదు రాకపోవడానికి కారణం కూడా ఇదే, దాన్ని ముందే వేడి చేసి ఉంటారు. ఉడికిస్తే తాజా వాసన కొంత తగ్గుతుంది. అది ఇష్టం లేకపోతే పచ్చి ముక్కలే వేసి, తిప్పిన వెంటనే తాగేయండి. నాకు అన్నిటికంటే నచ్చిన దారి కొబ్బరి పాలు. వాటిలో మాంసకృత్తులు తక్కువ, కేసీన్ అసలే ఉండదు. అంబాజీపేట కొబ్బరికాయలు చేతికి అందే ఊళ్లలో ఉంటూ అనాసలో గేదె పాలు పోయవలసిన అవసరం ఏముంది? ఒకసారి చేదెక్కినదాన్ని మాత్రం బాగుచేయలేం. పంచదార, తేనె వేసి కప్పిపుచ్చాలని చూడకండి, అవి కూడా వృథా అవుతాయి.

బొప్పాయిలో కూడా పపైన్ అనే ఇలాంటి ఎంజైమే ఉంది. అది పచ్చికాయ పాలలో ఎక్కువ, పండే కొద్దీ తగ్గుతుంది. కాబట్టి దోరగా ఉన్న బొప్పాయిని పాలతో తిప్పకండి, పూర్తిగా మెత్తబడనివ్వండి. బొప్పాయి స్మూతీ కాసేపు ఉంచితే జావలా గట్టిపడటం చెడిపోవడం కాదు. అందులోని పెక్టిన్ అనే జిగురు పదార్థం అలా చేస్తుంది. కొద్దిగా నీళ్లు, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి తిప్పితే సరిపోతుంది.

మామిడి రంగు బాగుంది, స్మూతీలో తీపీ లేదు, వాసనా లేదు

కాయ ముదరకముందే కోసి, గ్యాసుతో మగ్గబెట్టినప్పుడు ఇలా జరుగుతుంది. తొక్కకు పసుపు వస్తుంది కానీ లోపల పిండిపదార్థం తగినంత చేరనే లేదు, ఇక తీపి ఎక్కడి నుంచి వస్తుంది? ఇథిలీన్ గ్యాసుతో మగ్గబెట్టడాన్ని మన ఆహార భద్రతా నిబంధనలు 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు వంద వంతులు) వరకు అనుమతిస్తాయి. కార్బైడ్ వాడకం పూర్తిగా నిషిద్ధం. కొనేటప్పుడు రంగు చూడకండి, తొడిమ దగ్గర ముక్కు పెట్టి చూడండి. అక్కడ వాసన లేకపోతే గ్లాసులోనూ ఉండదు.

ముదిరిన కాయే కానీ ఇంకా పండలేదనుకుంటే బియ్యం డబ్బాలోనో, వరిగడ్డిలోనో పండిన అరటిపండుతో పాటు రెండు మూడు రోజులు పెట్టండి. అరటి విడుదల చేసే ఇథిలీన్ పని పూర్తిచేస్తుంది. లేత కాయ అయితే ఎన్నాళ్లు ఉంచినా ముడతలు పడుతుందే గాని తియ్యబడదు. ఈపాటికే కోసేసి ఉంటే పాలు పోయకండి. రెండు చక్కెరకేళి పళ్లు, బొండాం నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి తిప్పితే తాగగలిగేలా ఉంటుంది.

పీచు అడ్డం పడటం ఇంకో ఫిర్యాదు. చిన్న రసాలు, పెద్ద రసాలు, కొత్తపల్లి కొబ్బరి పిండుకుని తాగే పళ్లు. వాటిని కోసి ముక్కలుగా వేస్తే పీచు బ్లేడుకు చుట్టుకుంటుంది. చేత్తో పిసికి రసం తీసి, వడకట్టి, చివర్లో కలపండి. ముక్కలుగా వేయడానికి బంగినపల్లి ఉంది.

అరటి స్మూతీ నల్లబడింది

అరటిని కోయగానే దానిలోని ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గోధుమ రంగు తెస్తుంది. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే గాలి ఎక్కువ కలుస్తుంది, రంగు త్వరగా మారుతుంది. మిగతావన్నీ నలిగాక అరటిని ఆఖరున వేసి పది పదిహేను సెకన్లు తిప్పండి. అర చెంచా నిమ్మరసం కూడా సాయం చేస్తుంది. కర్పూర చక్కెరకేళికి సహజంగానే కాస్త పులుపు ఉంటుంది కాబట్టి దానికి నిమ్మరసం తగ్గించండి.

తొక్క నల్లబడటానికి కారణం మాత్రం ఫ్రిజ్. దాదాపు 13 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే అరటి తొక్క దెబ్బతింటుంది, లోపలి పండు చాలాసార్లు బాగానే ఉంటుంది. ఒలిచి చూడకుండా పారేయకండి. దోర పండును ఫ్రిజ్‌లో పెడితే మాత్రం అది సరిగా పండదు, తరువాత బయటపెట్టినా వగరు పోదు.

అమృతపాణితో వచ్చే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. పైకి చక్కగా పండినట్టున్నా కొన్ని పళ్లలో లోపల గట్టి గడ్డలు ఉంటాయి. అవి మిక్సీలో నలగవు, నలిగితే వగరిస్తాయి. ఆ రకంలో ఇది తెలిసిన లోపమే. ఒలిచాక వేళ్లతో నొక్కి చూసి, గట్టిగా తగిలిన భాగాన్ని తీసేయండి.

నీళ్లలా పలచబడింది

ఐసు ఎక్కువైంది, అంతే. మే నెల ఎండల్లో గ్లాసులో పోసేలోపే అది కరిగి నీరవుతుంది. చల్లదనం ఐసు నుంచి కాక పండు నుంచే రావాలి. అరటిని ఒలిచి బిళ్లలుగా కోసి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి, గట్టిపడ్డాక డబ్బాలోకి మార్చండి. మామిడి, బొప్పాయి ముక్కలూ ఇలాగే. తొక్కతో పెట్టిన అరటిని తరువాత ఒలవడం చాలా కష్టం. రెండు కప్పుల గడ్డకట్టిన ముక్కలకు ఒక కప్పు ద్రవం పోసి మొదలుపెట్టండి, చాలకపోతే చెంచాతో పెంచండి. కరెంటు పోయి ముక్కలు కరిగితే మళ్లీ గడ్డకట్టించకుండా ఆ రోజే వాడేయండి. ఐసు వేయక తప్పకపోతే కాచి చల్లార్చిన మంచినీళ్లతో చేసుకోండి. సముద్రానికి దగ్గరగా ఉన్న కొన్ని ఊళ్లలో బావి నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆ రుచి గ్లాసులోకి వస్తుంది.

తెల్లటి పలుకులు తేలాయి

పండు పుల్లనిది కాకపోయినా పలుకులు వచ్చాయంటే అవి కొవ్వు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల కంటే కింద గడ్డకడుతుంది. చిక్కటి కొబ్బరి పాలను గడ్డకట్టిన పండుతో కలిపితే అందుకే పలుకులు కడతాయి. పలచటి రెండో పాలు వాడండి, లేదా బొండాంలోని లేత కొబ్బరి వేయండి. గేదె పాలతో అయితే కారణం మీగడ. గేదె పాలలో కొవ్వు ఎక్కువ, చల్లటి మీగడను మిక్సీలో తిప్పడమంటే వెన్న చిలకడమే. పాలు కాచి చల్లార్చి, మీగడ తీసేసి పోయండి.

సపోటా గొంతులో పట్టుకుంటే అది ఇంకా పండలేదని అర్థం, దానికి వేరే మందు లేదు. జామ గింజలు నలిగితే ఇసుకలా తగులుతాయి, గుజ్జు తిప్పి వడకట్టాకే మిగతావి కలపండి.

మిక్సీ తిరుగుతోంది కానీ పండు కదలడం లేదు

బ్లేడు చుట్టూ గాలి బుడగ ఏర్పడింది. మోటారు శబ్దం తేలికైపోవడం దీనికి గుర్తు. ఆపి, ప్లగ్ తీసి, గరిటెతో కలిపి, రెండు చెంచాల ద్రవం పోయండి. అసలు వరుసే తప్పి ఉంటుంది: ముందు ద్రవం, తరువాత మెత్తటి పండు, పైన గడ్డకట్టిన ముక్కలు వేయాలి. జారు మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. నాబును ఎడమవైపుకు తిప్పి పట్టుకుంటే తిరిగి, వదిలితే ఆగే అమరిక ఉంటే మొదట దానితో నాలుగైదుసార్లు కొట్టండి. పచ్చడి జారులో ఐసు వేయవద్దు.

మధ్యలో పూర్తిగా ఆగిపోతే కంగారుపడకండి. భారం ఎక్కువై రక్షణ స్విచ్ పడిపోయింది. ప్లగ్ తీసి, జారులో కొంత ఖాళీ చేసి, పది నిమిషాలు చల్లబడనిచ్చి, మిక్సీ అడుగున ఉండే చిన్న ఎర్ర మీటను నొక్కండి. జారు అడుగు నుంచి నల్లటి తడి కారుతుంటే మాత్రం బ్లేడు కింద ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగింది. ఆ గ్లాసును పారబోసి, బుష్ మార్పించేవరకు ఆ జారులో ఏమీ తిప్పకండి.