పాలిసెట్ కౌన్సెలింగ్: నాలుగో తరగతి కాగితం దగ్గరే ఆగిపోతున్నారు

ఏటా కౌన్సెలింగ్ రోజుల్లో హెల్ప్‌లైన్ సెంటర్ల గేటు దగ్గర, చంకలో ఫైలు, చెవి దగ్గర ఫోను పెట్టుకుని నిలబడ్డ తల్లిదండ్రులు కనిపిస్తారు. అవతలి వైపు ఏదో ఊళ్లో హెడ్మాస్టరు. ఇవతల అడిగేది ఒకటే: "సార్, మావాడు నాలుగో తరగతి మీ దగ్గరే చదివాడు, సర్టిఫికెట్ ఒకటి ఇప్పించండి." వేసవి సెలవులు. ఆయన వేరే ఊళ్లో, బీరువా తాళం గుమస్తా దగ్గర.

ఆంధ్రప్రదేశ్‌లో పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాసి మూడేళ్ల డిప్లొమాలో చేరేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పరీక్ష సంగతి అందరికీ తెలిసిందే: 120 మార్కులు, లెక్కలకు 50, ఫిజిక్స్‌కు 40, కెమిస్ట్రీకి 30. ర్యాంకు వచ్చాక ఆన్‌లైన్‌లో ప్రాసెసింగ్ ఫీజు కట్టాలి (2024లో ఓసీ, బీసీలకు 700 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 250). మీ ర్యాంకుకు కేటాయించిన రోజున హెల్ప్‌లైన్ సెంటర్‌కు వెళ్లి సర్టిఫికెట్లు చూపించాలి. ఆ తర్వాత వెబ్ ఆప్షన్లు (కావాల్సిన కాలేజీలు, కోర్సులు ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకోవడం), సీటు కేటాయింపు, కాలేజీలో రిపోర్టింగ్. హాల్ టికెట్, ర్యాంకు కార్డు, పదో తరగతి మెమో, ఆధార్, టీసీ, కుల ధ్రువీకరణ పత్రం దాదాపు అందరి దగ్గరా ఉంటాయి. ఆదాయ ధ్రువీకరణ బదులు రైస్ కార్డు చూపిస్తామనుకుంటే అందులో పిల్లవాడి పేరు ఉందో లేదో ముందే చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ (రిజర్వేషన్ లేని వర్గాల్లోని పేదలకు ఇచ్చేది) అయితే ఈ ఆర్థిక సంవత్సరానిదే ఉండాలి, పోయినేడాదిది చెల్లదు.

ఇక అసలు చిక్కు స్టడీ సర్టిఫికెట్లు. నాలుగు నుంచి పది వరకు, ఏడేళ్లకూ కావాలి. పది పాసైతే నాలుగుతో పనేంటని విసుక్కునేవాళ్లున్నారు. కారణం ఉంది. 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులకే. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం లోకల్ ఎవరో తేల్చేది పుట్టిన ఊరు కాదు, చదివిన ఊరు. రాష్ట్రంలో రెండు ఏరియాలు: ఉమ్మడి నెల్లూరు, చిత్తూరు, కడప, కర్నూలు, అనంతపురం జిల్లాలు ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియా, మిగతావి ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ఏరియా. ఏడు నుంచి పది వరకు నాలుగేళ్లూ ఒకే ఏరియాలో చదివితే అక్కడే లోకల్, అంతకుముందు ఎక్కడ చదివినా లోకల్ లెక్కకు గొడవ లేదు. ఈ నాలుగేళ్లలో ఏరియా మారితే మాత్రం నాలుగు నుంచి లెక్కేసి, ఏ ఏరియాలో ఎక్కువ ఏళ్లు చదివారో చూస్తారు.

ఉదాహరణకు ఒకమ్మాయి నాలుగు నుంచి ఎనిమిది వరకు ఒంగోలులో, తొమ్మిది, పది తిరుపతిలో చదివిందనుకుందాం. ఏడేళ్లలో అయిదేళ్లు ఒంగోలువే కాబట్టి ఆమె ఏయూ లోకల్. ఒంగోలు కాగితాలు లేకపోతే ఆ మాట నిరూపించే దారి లేదు.

సర్టిఫికెట్ చేతికి రాగానే మడిచి జేబులో పెట్టుకోకండి, అక్కడే చదవండి. పేరు, ఇంటిపేరు మెమోలో ఉన్నట్టే ఉండాలి. ఏ తరగతి ఏ విద్యా సంవత్సరమో విడివిడిగా రాయించుకోండి. 2026లో పది రాసినవాళ్లకు నాలుగో తరగతి 2019-20, అయిదు 2020-21. ఆ రెండో ఏడాది కరోనా. చాలా నెలలు బడులు నడవలేదు, పిల్లలు స్కూళ్లు మారారు, కొన్ని ప్రైవేటు స్కూళ్లు మళ్లీ తెరుచుకోనే లేదు. అందుకే తేదీల్లో ఖాళీ ఎక్కువగా పడేది అక్కడే. పాత స్కూలువాళ్లు 2020 ఏప్రిల్ వరకు అని రాస్తారు, కొత్త స్కూలువాళ్లు 2021 జూన్ నుంచి అంటారు. మధ్య ఏడాది ఎవరి లెక్కలోనూ ఉండదు. అడ్మిషన్ రిజిస్టరు తీయించి చూపిస్తే చాలావరకు దిద్ది ఇస్తారు.

స్కూలు మూతపడిందా? కంగారు వద్దు. మూతపడ్డ స్కూళ్ల రికార్డులు సాధారణంగా ఆ మండల ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకు చేరతాయి. పిల్లవాడి పేరు, చదివిన ఏడాది, స్కూలు పేరు రాసి అర్జీ పెట్టండి, పాత ప్రోగ్రెస్ కార్డో, ఫీజు రసీదో ఉంటే జత చేయండి. అసలు బడికే వెళ్లకుండా ప్రైవేటుగా పది కట్టినవాళ్లకు స్టడీ సర్టిఫికెట్ల బదులు తహసీల్దారు ఇచ్చే ఏడేళ్ల నివాస ధ్రువీకరణ కావాలి.

ఈ టెన్షన్‌లోనే "నాలుగో తరగతిదే కదా, ఏదో ఒక స్కూలు నుంచి రాయించేద్దాం, అయిదొందలు ఇవ్వండి" అనేవాడు తగులుతాడు. కాగితం నిజంగానే తెచ్చిస్తాడు, సీలుతో సహా. రేపు అది తప్పుడుదని తేలితే పోయేది పిల్లవాడి సీటు, ఆ కాగితం తెచ్చిచ్చినవాడి ఫోన్ స్విచాఫ్. నిజం కాగితానికి రెండు రోజులు ఎక్కువ పట్టినా మీ తేదీ దాటిపోయిందని హడలిపోనక్కర్లేదు. వెరిఫికేషన్ గడువు ముగిసేలోపు వెళ్లి అడగండి.

ఫలానా కాలేజీ పీఆర్వోనంటూ ఇంటికొచ్చి "ఒరిజినల్స్ మాకివ్వండి, ఆప్షన్లు మేమే పెడతాం" అనేవాళ్లు మరో రకం. మర్యాదగానే మాట్లాడతారు, టీ కూడా తాగి వెళ్తారు. వాళ్లకు ఒరిజినల్సూ, పాస్‌వర్డూ, ఓటీపీ ఏదీ ఇవ్వకండి. ఇస్తే మొదటి ఆప్షన్‌గా వాళ్ల కాలేజీయే పడుతుంది, దగ్గర్లోని ప్రభుత్వ పాలిటెక్నిక్ జాబితాలో ఎక్కడో అడుగున ఉంటుంది. రిజిస్టర్ చేసే ఫోన్ నంబరు నెట్ సెంటర్ వాళ్లది కాకుండా ఇంట్లోవాళ్లదే అయి ఉండాలి.

వెరిఫికేషన్ అయ్యాక చేతికిచ్చే కాగితంలో లోకల్ ఏరియా, కేటగిరీ, ఆదాయం వివరాలు కుర్చీలోంచి లేవకముందే చదువుకోండి. ఏయూ అని ఉండాల్సిన చోట నాన్ లోకల్ అని పడితే అక్కడున్న అధికారికి అప్పుడే చెప్పి సరిచేయించండి. ఆప్షన్లు ఫ్రీజ్ అయ్యాక (ఖరారయ్యాక) ఆ పని చాలా కష్టం. సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ ఒక్కటీ చేసి ఊరుకోవద్దు, గడువులోగా కాలేజీకి కూడా వెళ్లి రిపోర్టు చేయాలి.